సూరత్‌లో మా బావ వేసిన నాలుగు బంతులు

సూరత్ వెళ్లొచ్చానని చెప్పగానే మా స్టాఫ్ రూములో అందరూ అడిగింది ఒక్కటే, ఎన్ని చీరలు తెచ్చావని. ఒక్క చీరా తేలేదు. ఉన్న అయిదు రోజుల్లో బట్టల మార్కెట్ ముఖం కూడా చూడలేదు. చూసింది ఒక మగ్గాల షెడ్డు, ఒక ఎముకల ఆసుపత్రి, ఒక క్రికెట్ మైదానం. నాకు క్రికెట్టంటే బొత్తిగా పడదు. అయినా తిరిగొచ్చి ఇన్నాళ్లయినా ఆ మైదానం నన్ను వదలడం లేదు.

నేను మెట్‌పల్లిలో తెలుగు టీచరుని. మా అక్క పద్మ పెళ్లయిన పదహారేళ్లుగా సూరత్‌లోనే ఉంటోంది. బావ రాజేశం అక్కడ పవర్‌లూమ్ మీద, మా వైపు మాటలో సాంచ మీద, పని చేస్తాడు. పెళ్లిళ్లకో చావులకో వాళ్లే ఇటు వచ్చేవారు తప్ప నేను ఎప్పుడూ అటు వెళ్లలేదు. జనవరి చివర్లో అక్క ఫోన్ చేసింది. "ఒక్కసారి వచ్చిపో సరితా. మీ బావకు నేను చెప్తే ఎక్కుతలేదు. నువ్వు చెప్తే ఇంటడేమో," అంది. ఏం చెప్పాలని అడిగితే "రా, చెప్త," అని పెట్టేసింది. సెలవు చీటీ రాసిచ్చి రైలెక్కాను.

ఉధనాలో దిగాక

గురువారం పొద్దున సూరత్ పక్కనే ఉన్న ఉధనా స్టేషన్‌లో దిగితే అక్క ఒక్కతే వచ్చింది. బావ ఏడని అడిగాను.

"రాత్రి పాళీ దిగి అటే మ్యాచ్‌కు పోయిండు," అంది, అదేదో రోజూ ఉండే జబ్బయినట్టు.

స్టేషన్ బయట బండి దగ్గర నన్ను నిలబెట్టి లోచో పెట్టించింది. శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికిస్తారు. ముక్కలుగా నిలవదు, ఇడ్లీలా పొంగదు, గరిటెతో తవ్వి ముద్దలా పెడతారు. పైన నూనె, కారం, ఉల్లిపాయ, గుప్పెడు సేవ్, అంటే సన్న కారప్పూస. ప్లేటు నలభై రూపాయలు. మా ఊళ్లో ఎవరైనా ఇలా ఉడికిస్తే పిండి చెడిందని పారబోస్తారు. నేను మాత్రం రెండో ప్లేటు అడిగాను. బండివాడు "బెన్, తీఖా?" అన్నాడు. కారం వేయనా అని అడుగుతున్నాడట. ఈ ఊళ్లో పరాయి ఆడమనిషి ఎవరైనా బెన్, అంటే అక్కే. పలకరింపు బాగుందనుకున్నాను.

అక్క తినలేదు. చెరుకురసం గ్లాసు చేతిలో తిప్పుతూ సంగతి చెప్పింది. బావ కుడి భుజం ఏడాదిగా బాగా లేదు. లుంగీ కట్టుకోవడానికి కూడా కష్టపడుతున్నాడు. అయినా మ్యాచ్ ఉందంటే బంతి పట్టుకోకుండా ఉండలేకపోతున్నాడు.

"చెయ్యి పోతే సాంచ ఎవరు నడిపిస్తరు? నేను ఏడ్చిన, అలిగిన, మాట్లాడుడు బంద్ చేసిన. ఇంక నీ వల్ల గావాలె," అంది.

భేస్తాన్‌లో మూడో అంతస్తు

భేస్తాన్ ఊరి దక్షిణపు అంచున ఉంది. మిల్లుల్లో, మగ్గాల మీద పని చేసేవాళ్ల ఇళ్లు వరసగా ఉంటాయి. అక్క వాళ్లున్న భవనంలో సగం మంది మనవాళ్లే. ఒకావిడది కోరుట్ల, ఒకావిడది సిరిసిల్ల. ఆడవాళ్లు మెట్ల మీద కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తూ మాట్లాడుకుంటారు. అక్క కూడా అదే చేస్తుంది. అక్కడ పుట్టిన పిల్లల మాట వింటే నాలోని తెలుగు టీచరు కాసేపు కళ్లు మూసుకోవాల్సి వచ్చింది. "ఆంటీ, జల్దీ రా, పానీ ఆగిపోతది," అని ఒక పిల్ల కిందనుంచి అరిచింది. తర్వాత గుజరాతీలో ఇంకేదో చేర్చింది. అది నాకు అర్థం కాలేదు.

ఒకటే గది, వంటకు మూల. లోపలికి వెళ్లగానే నన్ను ఆపేసినవి గోడ గడియారాలు. ఏడున్నాయి. ఏ రెండూ ఒకే టైము చూపించడం లేదు. అటక మీద రెండు మిక్సీలు, మూడు కుక్కర్లు డబ్బాలు విప్పకుండా ఉన్నాయి. అన్నీ బావ గెలిచినవేనట. ఇక్కడి కార్మికుల టోర్నమెంట్లలో మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్‌కు ఇలాంటివే ఇస్తారు.

"పదహారేండ్ల సంసారంల ఒక్క గడియారం గూడ కొనలే," అంది అక్క. కోపంగానే అంది కానీ గర్వం కూడా కొంచెం కలిసింది. అది ఆమెకు తెలియదు.

మధ్యాహ్నం బావ వచ్చాడు. ముప్పై తొమ్మిదేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, నుదుటి మీద జుట్టు పలచబడింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగాడు.

"మరదలు వచ్చిందంటే ఏదో పంచాయితి పెట్టినట్టే," అన్నాడు నవ్వుతూ.

"చీరలు కొనుక్కుందామని వచ్చిన బావా," అన్నాను.

"నువ్వు అబద్ధం గూడ గ్రాంథికంల చెప్తవ్."

అన్నం తినేటప్పుడు గమనించాను. మంచినీళ్ల గ్లాసు ఎడమ చేత్తో తీసుకున్నాడు. ఫ్యాన్ స్విచ్ ఎడమ చేత్తోనే వేశాడు. కుడి చెయ్యి నోటిదాకా వస్తోంది కానీ ముద్ద దగ్గరికి తలను కూడా కొంచెం వంచుతున్నాడు. ఇంకొకటి, కూర్చోలేడు. రెండు ముద్దలు తిని లేచి కిటికీ దాకా వెళ్తాడు, వచ్చి మళ్లీ రెండు ముద్దలు. అక్కకు అలవాటైపోయింది, కంచం ఆయన వెంట తిప్పుతుంది. ఆ గదిలో రెండు గంటలున్నాక నాకూ కాలు నిలవలేదు. ఎందుకో తెలియకుండా లేచి నిలబడుతున్నాను.

జోల్వా

శుక్రవారం నుంచి బావకు పగటి పాళీ. పని చేసే చోటు చూపించమని నేనే అడిగాను. చెప్పాల్సిన మాట ఇంట్లో అక్క ముందు చెప్పలేనని అనిపించింది. జోల్వా ఊరి బయటి పల్లె. రెండు ఆటోలు మారాలి. చెరుకు చేల మధ్య రేకుల షెడ్లు లేచాయి.

మన దగ్గర సాంచాలంటాం కదా, అవే. కానీ సిరిసిల్లలో నేను చూసిన ఇంటి సాంచాలు నాలుగో ఆరో ఉండేవి. ఇక్కడ ఒక్క కప్పు కింద ఎన్నున్నాయో, అవతలి మూల కనపడలేదు. తలుపు తీయగానే చప్పుడు ఒంటి మీద పడింది. పది అడుగులు నడిచాక నా చీర కుచ్చిళ్లు వణకడం కనిపించింది. లోపల ఎవరూ మాట్లాడరు. చేతులతో, కళ్లతో చెప్పుకుంటారు. టీ కావాలంటే ఒక సైగ, సేఠ్ వస్తున్నాడంటే ఒకటి, భార్య ఫోన్ చేసిందంటే ఒకటి.

బావ మగ్గాలకు అవతలి వరస నుంచి ఒకతను నన్ను చూసి, చెయ్యి తల మీదుగా తిప్పి బంతి వేసినట్టు చూపించి, నమస్కారం పెట్టాడు. అతను బిపిన్, ఒడిశావాడు. బావ ఆడే టీముకు కెప్టెన్. ఆఖ్రీ భాయ్ మరదలివా అని ఆ సైగకు అర్థమట.

బావ పేరు రాజేశమని అక్కడ సగం మందికి తెలియదు. ఆఖ్రీ అనే పిలుస్తారు, అంటే చివరివాడు. ఆ పేరెందుకు వచ్చిందో మధ్యాహ్నం బయట క్యాంటీన్ రేకు కింద కూర్చున్నప్పుడు చెప్పాడు. చలికాలంలో ఇక్కడ పోంక్ దొరుకుతుంది. లేత పచ్చ జొన్నలను నిప్పుల మీద కాల్చి దులిపి ఇస్తారు. మన ఊచబియ్యమే. మనం బెల్లంతో తింటాం, వీళ్లు నిమ్మకాయ, సేవ్ కలుపుతారు. మన దగ్గర చేను గట్టు మీద ఊరికే దొరికేది ఇక్కడ చిన్న పొట్లం అరవై రూపాయలు. ఆ పొట్లం మా ఇద్దరి మధ్య పెట్టుకుని బావ చెప్తూ పోయాడు.

"ఇరవై ఏండ్లప్పుడు నీళ్ల సీసాలు మోసెటోన్ని. ఒకరోజు ఎండకు మా బౌలర్ కక్కుకున్నడు. ఎనిమిది ఓవర్ల ఆట. ఆఖరి ఓవర్ల ఆరు రన్లు కావాలె వాళ్లకు. బాల్ ఎవ్వరు ముట్టలే. నాకిచ్చిండ్రు, ఓడితే కొత్తోడు ఓడగొట్టిండని చెప్పొచ్చని. మూడే ఇచ్చిన."

అప్పటినుంచీ ఆఖరి ఓవరంటే ఆయనే. సచిన్ అనే ఊరు, పాండేసరా, లింబాయత్, ఎక్కడ మ్యాచున్నా ఎవరో ఒకరు పిలుచుకుపోయేవారు. ముందు ఏడు ఓవర్లూ ఎక్కడో బౌండరీ గీత దగ్గర నిలబడాలి. ఆట దగ్గరికొస్తేనే పిలుపు. ముందే తేలిపోతే ఒక్క బంతి వేయకుండా ఇంటికి రావాలి. పంతొమ్మిదేళ్లలో మొదటి ఓవరు ఆయనకు ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

"పెద్ద క్లబ్బుల ఎప్పుడూ ప్రయత్నం చేయలేదా?" అన్నాను.

"పోయిన. ఇరవై మూడేండ్లప్పుడు. తోలు బాల్‌తోని ఆరు బాల్స్ వేయించుకున్నరు. రేపు గూడ రమ్మన్నరు. తెల్లారి సాంచల మీద నా జోడీగాడు చెప్పకుంట ఊరికి ఉరికిండు. వాని సాంచలు గూడ నేనే చూడాల్సి వచ్చింది. గంతే."

'గంతే' అని పోంక్ గింజలు నోట్లో పోసుకున్నాడు. నేను ఇంకా ఏదో ఉంటుందని చూశాను. ఏమీ లేదు.

"ఓడితే నీ పేరు పోతుంది. గెలిస్తే సిక్సర్ కొట్టినవాడి పేరు చెప్తారు. భుజం చూస్తే ఇట్లయింది. ఎందుకు బావా ఇంకా?"

ఆయన లేచి నాలుగడుగులు అటు వేసి, ఇటు వచ్చాడు.

"సాంచ మీద పన్నెండు గంటలు నిలవడ్త సరితా. పోగు తెగుతె అతుకుత. అతికినట్టు కనవడొద్దు, అదే నా పనితనం. నన్నెవ్వడు చూడడు, చూడొద్దు గూడ. ఆ ఒక్క ఓవర్ల మాత్రం మైదానమంత నన్నే చూస్తది. నువ్వు క్లాసుల నిలవడితె నలభై మంది చూస్తరు గద, నీకెట్ల తెలుస్తది?"

మానెయ్యమని చెప్పడానికి వచ్చినదాన్ని, పొట్లంలో మిగిలిన గింజలు ఆయన వైపు జరిపాను.

నా మోకాలు

శనివారం అక్కా నేనూ కలిసి ఒక మోసం చేశాం. రైల్లో కూర్చుని కూర్చుని మోకాలు పట్టేసిందని, ఆసుపత్రికి తీసుకెళ్లమని బావతో చెప్పాను. పరాయి ఊళ్లో మరదలికి నొప్పంటే ఆయన కాదనలేడు, పాళీ మానుకుని వచ్చాడు. అక్క ముందే ఆసుపత్రిలో చీటీలు రాయించి పెట్టింది, ఒకటి నాకు, ఒకటి ఆయనకు.

డాక్టరు పెద్దాయన, గుజరాతీ. హిందీ మెల్లగా మాట్లాడతాడు. నా మోకాలు అటూ ఇటూ తిప్పి, నొక్కి, అరుగుదల మొదలైందని, నేల మీద కూర్చోవద్దని, బరువు తగ్గమని చెప్పాడు. అబద్ధమాడబోయి నిజమైన జబ్బు అంటించుకున్నాను. బావకు నవ్వాగలేదు. అప్పుడే అక్క "ఇంక ఈయన్ని చూడండి," అని రెండో చీటీ బల్ల మీద పెట్టింది. బావ నవ్వు ఆగిపోయింది.

డాక్టరు ఆయనకు ఒక దువ్వెన ఇచ్చి తల దువ్వుకోమన్నాడు. కుడి చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగింది. భుజం మొత్తం చెవి దగ్గరికి లేపి ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట పట్టింది. దువ్వెన జుట్టుకు అందలేదు. అక్క కిటికీ వైపు చూసింది.

స్కానింగ్ తీసి డాక్టరు వివరంగా చెప్పాడు. కండరాన్ని భుజం ఎముకకు పట్టి ఉంచే పట్టీ సగానికి పైగా చిరిగింది. ఇప్పుడే ఆపేసి మందులు, వ్యాయామం మొదలుపెడితే కొన్ని నెలల్లో కుదుటపడొచ్చు. మిగిలింది కూడా తెగితే ఆపరేషన్ తప్పదు, ఆరు నెలలు పని ఉండదు, ఆ తర్వాత కూడా చెయ్యి ఎంత లేస్తుందో చెప్పలేనన్నాడు.

అంతా విని బావ అడిగాడు, "ఆరు బాల్స్ వేయొచ్చా సాబ్? ఆరే."

డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కోప్పడలేదు. "ఆ ఆరు ఎవరికోసం, ఈ చెయ్యి ఎవరికోసం, ఇంటికెళ్లి ఆలోచించుకో," అన్నాడు.

బయటికొచ్చాక బావ అక్కతో, "వేయను. ఒట్టు. రేపు ఫైనల్ ఉన్నది, కూసొని చూసి వస్త," అన్నాడు. అక్క ఆయన ముఖం చూడకుండా నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు గూడ పో ఎంబడి," అంది.

దారిలో ముగ్గురం టీ తాగాం. ఇక్కడ సగం కప్పుకు పది రూపాయలు, పుదీనా, అల్లం దంచి వేస్తారు, చక్కెర రెండింతలు. బావ సాసర్‌లో పోసుకుని ఎడమ చేత్తో తాగాడు.

కోసాడ్

కోసాడ్ ఊరికి ఉత్తరపు అంచు, తాపీ నది దాటి అమ్రోలి పక్కన. ప్రభుత్వం కట్టించిన ఇళ్లు బారులు బారులుగా ఉన్నాయి. వాటి మధ్య గడ్డి లేని మట్టి మైదానం. చుట్టూ బాల్కనీల్లో ఆరేసిన దుప్పట్లు, వాటి సందుల్లోంచి చూసే ముఖాలు. మైకులో ఒకతను ఊపిరి తీయకుండా హిందీ, గుజరాతీ కలిపి వ్యాఖ్యానం చెప్తున్నాడు. ఆడవాళ్లు చాలా తక్కువ. ఉడకబెట్టిన వేరుశనగలమ్మే శాంతాబా అనే ముసలావిడ తన గోనెసంచి మీద నాకు చోటిచ్చింది. డాక్టరు మాట గుర్తొచ్చి కూర్చోనా వద్దా అని తటపటాయిస్తుంటే, "బేస్ బేటా," అని లాగి కూర్చోబెట్టింది.

"నీవాళ్లెవరు?" అని హిందీలో అడిగింది. చూపించాను.

"ఆఖ్రీనా? గెలిచినా నవ్వడు. నా దగ్గర పదేళ్లుగా వేరుశనగలు కొంటాడు. ఆట అయ్యాకే తింటాడు, ముందు ముట్టడు."

పదకొండు గంటలకు తేలిందేమిటంటే, బిపిన్ టీములో ఒకతనికి షెడ్డులో సెలవివ్వలేదు. పది మందే ఉన్నారు. బిపిన్ మా దగ్గరికొచ్చాడు. బావ భుజం సంగతి అంతా తెలిసినవాడే. "నిలబడితే చాలు భాయ్. లెక్క నిండాలి కదా. బాల్ నీ వైపు రానివ్వను," అన్నాడు.

బావ నా వైపు చూశాడు. "నిలవడుడే కద," అన్నాడు. అప్పటికే చెప్పులు విప్పి బూట్లు వేసుకుంటున్నాడు. అవి సంచిలో తెచ్చుకున్న సంగతి నాకప్పుడే తెలిసింది.

బిపిన్ టీమువాళ్లు ముందు బ్యాటింగ్ చేసి ఎనిమిది ఓవర్లలో డెబ్బై ఒకటి కొట్టారు. అవతలి టీము కోసాడ్‌దే, మైదానమంతా వాళ్లవైపే అరుస్తోంది. వాళ్లు కొట్టడం మొదలుపెట్టాక బావ గీత పక్కన, నాకు దగ్గర్లోనే నిలబడ్డాడు. నిలబడ్డాడనడం తప్పు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. రెండుసార్లు బంతి వచ్చింది, ఎడమ చేత్తో కిందినుంచి విసిరాడు. వేళ్లు మాత్రం లేని బంతిని తిప్పుతూనే ఉన్నాయి. అంతకుముందే, ఆయన బూట్లు వేసుకుంటుండగానే, నేను అక్కకు ఫోన్ చేసి, టీములో దిగుతున్నాడు కానీ ఊరికే నిలబడతాడని చెప్పాను. అక్క వెంటనే ఫోన్ పెట్టేసింది.

ఏడు ఓవర్లయ్యేసరికి వాళ్లు అరవై మూడు. ఆరు బంతుల్లో తొమ్మిది కావాలి. బిపిన్ పిచ్ దగ్గర బంతి పట్టుకుని నిలబడ్డాడు. ఇటు చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తున్నాడని దూరం నుంచే తెలుస్తోంది. బాల్కనీల్లోంచి మొదలైంది ముందు, తర్వాత అన్ని వైపులా, "ఆఖ్రీ! ఆఖ్రీ!" అని. అవతలి టీము మనుషులే పిలుస్తున్నారు. ఆయన్ని కొట్టి గెలవాలని వాళ్లకు.

బావ గీత దాకా వచ్చాడు. "ఏమంటవ్ సరితా?" అన్నాడు.

వద్దు అనాలి. అందుకే వచ్చాను, అంత దూరం నుంచి. నోట్లో ఉన్న మాట రెండక్షరాలది. నేను మాత్రం, "నాకు తెలియదు బావా," అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నాకూ చూడాలనిపించింది, అదే నిజం.

ఆయన వెళ్లి బంతి తీసుకున్నాడు.

ఆయన పరుగు మొదలుపెట్టే చోటికి అడుగులు కొలుస్తుండగా ఎవరో నా భుజం గట్టిగా పట్టుకున్నారు. అక్క. నా ఫోన్ పెట్టేసి ఉన్నపళంగా బయల్దేరిందట, రెండు బస్సులు మారి వచ్చింది. ఇంటి చీరలోనే ఉంది, వేళ్లకు రాళ్ల జిగురు ఇంకా ఉంది. పదహారేళ్లలో ఆమె మొగుడి ఆట చూడటానికి రావడం అదే మొదలు. కేక వేయడానికి నోరు తెరిచింది. అప్పటికే ఆయన పరుగు తీశాడు.

మొదటి బంతి బ్యాటు కింద, సరిగ్గా కాలి వేళ్ల దగ్గర పడింది. పరుగు లేదు. రెండోదానికి ఒకటి. మూడోది చేతిలోంచి వదిలినప్పుడు వేగంగానే వస్తుందనిపించింది, మధ్యలో మనసు మార్చుకున్నట్టు ఆగింది. బ్యాటరు ముందే బ్యాటు ఊపేశాడు, బంతి తగల్లేదు. మైదానం ఒక్కసారిగా "ఓ" అంది. శాంతాబా వేరుశనగల గిన్నె మీద చెయ్యి పెట్టి నిలబడిపోయింది. నాకు క్రికెట్ తెలియదు. కానీ పని తెలిసినవాళ్ల చెయ్యి ఎలా ఉంటుందో తెలుసు.

నాలుగో బంతికి రెండు పరుగులొచ్చాయి. బంతి వెనక్కి తిరిగి వచ్చింది. బావ ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ముఖంలో ఏమీ లేదు. కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది. మళ్లీ తన చోటికి నడుస్తున్నాడు, ముఖం మీది చెమటను ఎడమ మోచేత్తో తుడుచుకున్నాడు.

"పోయింది," అంది అక్క.

"ఏంది?"

"చెయ్యి పోయింది."

అని గీత దాటి నడిచింది. పరుగెత్తలేదు. చెప్పులతో, కొంగు నడుముకు చెక్కుకుని, నేరుగా మైదానం మధ్యకు. మైకులో మాట ఆగిపోయింది. అంపైరు చెయ్యి అడ్డం పెట్టబోయి తగ్గాడు. ఆ నిశ్శబ్దంలో అక్క గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

"ఇయ్యి."

"రెండే ఉన్నయ్ పద్మా."

"ఇయ్యి అంటున్న."

ఆయన ఆమె చాచిన చేతికేసి చూశాడు. తర్వాత బంతి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని బిపిన్‌కిచ్చి, ఆయన్ని ఎడమ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఎవరో ఒకరు నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. బాల్కనీల్లో చప్పట్లు మొదలయ్యాయి. ఆయన తల ఎత్తలేదు.

బౌలరుకు దెబ్బ తగిలితే ఆ ఓవరు ఇంకొకరు పూర్తి చేయొచ్చట. మొదటి ఓవరు వేసిన బలరాం అనే అతను వచ్చాడు. పంతొమ్మిదేళ్లు వేరేవాళ్ల ఆటలు ముగించిన మనిషి, తన ఓవరు వేరొకరు ముగిస్తుంటే గీత బయట మా మధ్య నిలబడ్డాడు. రెండు బంతులు, ఆరు పరుగులు కావాలి. అయిదో బంతి నాలుగు పోయింది. ఆరో బంతిని బ్యాటరు కుడిపక్కకు తోసి రెండు పరుగెత్తాడు. కోసాడ్ గెలిచింది.

జనం మైదానంలోకి దూకారు. ఆ గందరగోళంలో గెలిపించిన బ్యాటరు దారి చేసుకుంటూ మా దగ్గరికొచ్చి, బావ ముందు ఆగి హిందీలో అన్నాడు. "ఆఖ్రీ భాయ్, భాభీ నిన్ను తీసుకెళ్లింది కాబట్టి బతికిపోయాం."

బావ తలూపాడు. శాంతాబా వేరుశనగల పొట్లం ఆయన ఎడమ చేతిలో పెట్టి డబ్బులు వద్దంది.

ఆసుపత్రి బల్ల మీద

ఆదివారం కాబట్టి పెద్ద డాక్టరు లేడు. చిన్న డాక్టరు చూసి, మిగిలిన పట్టీ కూడా తెగినట్టుందన్నాడు. మళ్లీ స్కానింగ్ తీయించి, చెయ్యి కదలకుండా కట్టు కట్టి, ఫిల్ము వచ్చేదాకా కూర్చోమన్నాడు. ముగ్గురం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. బావ ఇంతసేపు ఒకచోట కూర్చోవడం నేనప్పుడే చూశాను.

నేనే ముందు మాట్లాడాను. "అక్కా, నన్నడిగిండు. వద్దనలేకపోయిన."

"తెల్వదా నాకు," అంది అక్క. ఆ గొంతులో కోపం లేదు. అది నన్ను ఇంకా బాధపెట్టింది.

ఆరు నెలలు ఎలా అని నేను లోపల లెక్కలు వేస్తుంటే అక్క అప్పటికే తేల్చేసింది. చీరలు మడత పెట్టే గోదాంలో పనికి రమ్మని కోరుట్లావిడ ఎప్పటినుంచో పిలుస్తోందట, సోమవారం నుంచి పోతానంది. బావ కట్టులోంచి బయటికున్న కుడిచేతి వేళ్లను చూసుకుంటూ కూర్చున్నాడు.

నేను మంగళవారం బయల్దేరాను. ఆపరేషన్ జరిగి ఇప్పటికి మూడు నెలలు. చెయ్యి భుజం ఎత్తుకు లేస్తోందని, అంతకుమించి లేవదని డాక్టరు చెప్పాడట. సాంచ మీద పోగు అతకడానికి అది చాలు. బంతి వేయడానికి చాలదు. బిపిన్ వచ్చి కూర్చుని పోతుంటాడట. ఆదివారాలు మాత్రం బావను ఇంట్లో ఉంచడం కష్టంగా ఉందని, భేస్తాన్ నుంచి సచిన్ దాకా నడిచి వస్తాడని అక్క చెప్తుంది.

కానీ నాకు ఆ ప్రయాణం ఎక్కడ ఆగిందంటే ఆ వరండాలోనే. ఫిల్ము ఇంకా రాలేదు. శాంతాబా ఇచ్చిన పొట్లం విప్పి అక్క గింజలు ఒలిచి బావ ఎడమ చేతిలో పెడుతోంది. ఆయన తినకుండా అడిగాడు.

"ఎన్ని చూసినవ్?"

"ఏంది?"

"నేను వేసినయి. నాలుగు వేసిన గద."

"మూడు," అంది అక్క. "మొదటిదానికి కండ్లు మూసుకున్న."

ఆయన ఆ తర్వాత అడిగింది, పంతొమ్మిదేళ్లలో ఎవరినీ అడిగి ఉండడు.

"ఎట్లున్నయ్?"

అక్క చేతిలో గింజ ఒలవడం ఆపింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆ మూడోది," అంది, "అది ఎట్ల ఆగింది మధ్యల?"

బావ ఆమె వైపు తిరిగాడు. ఎడమ చేతిలోని గింజల్లోంచి ఒకటి కట్టులోంచి బయటికున్న కుడి వేళ్లకు అందించుకుని, బంతిని పట్టినట్టు మూడు వేళ్ల మధ్య పట్టుకుని, "ఇగో, గిట్ల పట్టుకోవాలె," అని మెల్లగా చూపించడం మొదలుపెట్టాడు.